మార్చి బురదలో టీ-34: యుద్ధ ట్యాంకు నమూనాను కట్టి, వాడకపు ఛాయలు తీసుకురావడం ఎలా

35వ వంతు నమూనా మీద ఒక మిల్లీమీటరు వెడల్పున గీత గీస్తే, అసలు ట్యాంకు మీద అది మూడున్నర సెంటీమీటర్ల గాటు అవుతుంది. నమూనాలు కట్టేవాళ్ళలో చాలామంది రంగుల దగ్గరా తుప్పు దగ్గరా దారి తప్పేది ఈ చిన్న లెక్క మరిచిపోవడం వల్లనే. రెండో లెక్క కాలానికి సంబంధించినది. ముందు వరుసలో పోరాడిన ట్యాంకుకు ఆయుష్షు వారాల్లోనో నెలల్లోనో ఉండేది గానీ ఏళ్ళలో ఉండేది కాదు. అంత కొద్దికాలంలో దాని మీద దుమ్మూ, బురదా, మసీ, చమురు మరకలూ, సిబ్బంది బూట్ల రాపిడీ పడతాయే తప్ప కవచం పొరలు పొరలుగా తుప్పుపట్టి రాలిపోదు. కాబట్టి నమూనా మీద కనిపించే ప్రతి మరకకూ ఒక చోటూ, ఒక నెలా, ఒక కారణమూ ఉండాలి. ఈ మూడూ ముందే తేల్చుకున్నవాడికి ఏ రంగు ఎక్కడ ఆపాలో మరొకరు చెప్పనవసరం లేదు.

ఉదాహరణగా సోవియట్ టీ-34ను, అందులోనూ 76 మిల్లీమీటర్ల ఫిరంగీ ఆరు ముఖాల టరెట్టూ (ఫిరంగిని మోస్తూ తిరిగే పై గది) ఉన్న రకాన్ని తీసుకుందాం. చోటు ఉక్రెయిన్‌లోని ఖార్కివ్ పరిసరాలు, కాలం 1943 మార్చి. సోవియట్ సేనలు ఫిబ్రవరి 16న ఆ నగరాన్ని తిరిగి పట్టుకున్నాయి, మార్చి మధ్యకల్లా జర్మన్లు మళ్ళీ లాక్కున్నారు. మంచు కరిగి నల్లమట్టి నేల అడుసుగా మారే రోజులవి. చలికాలం కోసం పూసిన తెల్లటి వెల్ల సగం ఊడిపోయి, కింద ఆకుపచ్చ బయటపడి, దాని మీద బురద ఎక్కి ఉంటుంది. ఒకే బండి మీద మూడు పొరల పని నేర్చుకోవడానికి ఇంతకు మించిన నెల లేదు. పైగా ఈ ట్యాంకు రూపుదిద్దుకున్నది ఖార్కివ్‌లోని 183వ నంబరు కర్మాగారంలోనే. 1941 శరత్కాలంలో ఆ కర్మాగారాన్ని ఉరల్ ప్రాంతంలోని నిజ్నీ తగీల్‌కు తరలించారు.

నెల ఎంచుకోగానే కొన్ని భాగాలు వాటంతటవే పక్కకు పోతాయి. టరెట్ మీద కమాండరు చూపు కోసం పెట్టిన గుండ్రటి గూడు 1943 నడిమి నుంచి కనిపిస్తుంది కనుక మార్చి బండికి అది ఉండకూడదు. 85 మిల్లీమీటర్ల ఫిరంగి అసలు 1944 నాటిది. నమూనా కిట్ పెట్టె మీద “1943” అని రాసి ఉన్నంత మాత్రాన లోపలి భాగాలన్నీ మన నెలకు సరిపోతాయని నమ్మకూడదు. టీ-34ను అనేక కర్మాగారాలు తయారుచేశాయి, చక్రాల దగ్గరనుంచి పిడుల దాకా ఒకదానికొకటి తేడాలున్నాయి. అందువల్ల ఏదో ఒక యుద్ధకాలపు ఛాయాచిత్రాన్ని ఎంచుకుని దానికి కట్టుబడటం మేలు. మ్యూజియంలో నిలబెట్టిన ట్యాంకు ఆకారం తెలుసుకోవడానికి పనికివస్తుంది గానీ మురికి తెలుసుకోవడానికి పనికిరాదు, ఎందుకంటే దానికి ఎన్నోసార్లు కొత్తగా రంగులు వేసి ఉంటారు.

పరిమాణం, పనిముట్లు

టీ-34 పొడవు ఫిరంగితో కలిపి సుమారు 6.7 మీటర్లు, వెడల్పు 3 మీటర్లు. 35వ వంతులో అది 19 సెంటీమీటర్ల పొడవు, ఎనిమిదిన్నర సెంటీమీటర్ల వెడల్పు ఉన్న వస్తువవుతుంది. అరచేతిలో ఒదుగుతుంది, వివరం కంటికి ఆనుతుంది. ఈ 35వ వంతు అనే వింత అంకె వెనక పెద్ద శాస్త్రమేమీ లేదు. 1960ల తొలినాళ్ళలో నమూనాలు తయారుచేసే జపాన్ సంస్థ టమియా పాంథర్ ట్యాంకు నమూనా తయారుచేసినప్పుడు లోపల మోటారూ బ్యాటరీలూ పట్టేలా కొలతలు పెట్టుకుంటే అవి దాదాపు 35వ వంతుకు వచ్చాయి, తర్వాత లోకమంతా దాన్నే అనుసరించింది.

పనిముట్ల విషయంలో డబ్బు రెండింటి మీద పెడితే చాలు: మంచి స్ప్రూ కట్టరు (భాగాలను వాటి ప్లాస్టిక్ చట్రం, అంటే స్ప్రూ, నుంచి కత్తిరించేది), మంచి ఎయిర్‌బ్రష్ (గాలి ఒత్తిడితో రంగు చల్లేది). మిగిలినవి బ్లేడు కత్తి, సన్నమొన పట్టకారు, 400 నుంచి 1000 వరకు గరుకు కాగితాలు, పలుచని ప్లాస్టిక్ సిమెంటు, సూపర్ గ్లూ, పుట్టీ, కొన్ని కుంచెలు. పలుచని సిమెంటు, లాకర్ థిన్నరు, ఎనామెల్ థిన్నరు మూడింటి ఆవిరీ ఊపిరితిత్తులకు మంచిది కాదు. కిటికీ తెరిచి, ఎయిర్‌బ్రష్ వాడేటప్పుడు ఆవిరిని ఆపే మాస్కు పెట్టుకునే పని చేయాలి. రెజిన్ భాగాలుంటే వాటిని తడిపి రుద్దాలి, పొడి గాల్లోకి లేవకూడదు.

కత్తిరించడం, అతకడం

ప్రతి భాగమూ స్ప్రూకు సన్నని కాడతో అంటుకుని ఉంటుంది. కాడను భాగానికి ఆనించి ఒకేసారి కోస్తే ప్లాస్టిక్ తెల్లబారి గుంట పడుతుంది. కాస్త దూరంలో మొదటి కోత, మిగిలిన మొలక మీద రెండో కోత, ఆ తర్వాత గరుకు కాగితం, ఇదీ వరుస. అచ్చు రెండు సగాలు కలిసిన చోట భాగం చుట్టూ సన్నటి గీత లేస్తుంది. దాన్ని బ్లేడు అంచుతో గీకి తీసేయాలి. ముఖ్యంగా ఫిరంగి గొట్టం మీదా, పట్టుకునే పిడుల మీదా ఆ గీత మిగిలిపోతే, రంగు పడ్డాక అదే ముందుగా కంటికి తగులుతుంది.

పలుచని సిమెంటు జిగురులా అంటించదు, ప్లాస్టిక్‌ను కరిగించి కలుపుతుంది. అందుకని భాగాలను ముందు పొడిగానే అమర్చి చూసి, వేళ్ళతో పట్టి ఉంచి, కుంచెతో అతుకు అంచును తాకిస్తే చాలు, ద్రవం సందులోకి తనంతట తానే పాకుతుంది. ఆ సందు మీద వేలు ఉంటే మాత్రం ద్రవం వేలి కిందకే పాకి, పలక మీద వేలిముద్ర శాశ్వతంగా మిగులుతుంది. నా దగ్గరున్న ఒక నమూనా కుడి పక్కన అలాంటి ముద్ర ఒకటి ఇప్పటికీ ఉంది, దాని మీద ఒక టార్పాలిన్ చుట్ట పెట్టి పరువు దక్కించుకున్నాను.

పైభాగం, కిందిభాగం, టరెట్, చక్రాలు, ట్రాకులు (చక్రాల చుట్టూ తిరిగే ఉక్కు గొలుసులు), వీటిని వేర్వేరు ముక్కలుగానే ఉంచుకోవాలి. చక్రాలు ముందే అతికిస్తే వాటి వెనక ఉన్న పక్కగోడకు రంగు ఎక్కదు, బురద అసలే ఎక్కదు.

ఇక్కడ ఒక చోట ఆగి చూడవలసింది ఫెండర్లను, అంటే ట్రాకుల మీద కప్పే రేకులను. కిట్‌లో ఫెండరు అంచు సుమారు ఒక మిల్లీమీటరు మందం ఉందనుకుంటే, లెక్క ప్రకారం అది 35 మిల్లీమీటర్ల ఉక్కు. టీ-34 ముందు కవచం మందమే 45 మిల్లీమీటర్లు! చేత్తో వంచగలిగే రేకు, గుళ్ళను ఆపే కవచం దాదాపు ఒకే మందంలో కనిపిస్తే ఎంత రంగు పూసినా అది బొమ్మలాగే ఉంటుంది. కనుక ఫెండరు అంచును అడుగువైపు నుంచి ఏటవాలుగా గీకి, బయటికి కనిపించే అంచు కాగితమంత పలచగా అయ్యేదాకా తేవాలి. తర్వాత ఆ అంచును పట్టకారుతో కొద్దిగా నొక్కితే ఏ చెట్టుకో గోడకో రాసుకున్న సొట్ట వస్తుంది. ఇత్తడి రేకుతో చేసిన ఫెండర్లు దొరికితే ఈ శ్రమ తప్పుతుంది, కాకపోతే వాటిని వంచే ముందు మంట మీద వేడిచేసి చల్లారనిస్తేనే మెత్తగా మాట వింటాయి.

పోత ఉక్కూ, పలక ఉక్కూ

ఈ ట్యాంకు పక్కగోడలూ ముందు పలకా రోలింగ్ మిల్లులో సాగదీసిన ఉక్కు పలకలు, కనుక అవి నున్నగా ఉండాలి. టరెట్ మాత్రం చాలా కర్మాగారాల్లో ఇసుక అచ్చులో పోసినది, దాని పైపొర గరుకుగా ఉంటుంది. ఆ తేడాను చూపడానికి చిక్కటి ద్రవ పుట్టీని టరెట్ మీద పలుచగా పూసి, అది ఆరిపోయేలోపు మోటు కుంచెతో నిట్టనిలువుగా పొడవాలి. పొడిచిన కొద్దీ చిన్న చిన్న గుంటలు లేస్తాయి. ఆరాక 600 కాగితంతో పైపైన ఒకసారి రుద్దితే మొనలు మొద్దుబారతాయి. ఇది చాలా సున్నితంగా ఉండాలి: అర మిల్లీమీటరు గుంట అంటే అసలు దాని మీద దాదాపు రెండు సెంటీమీటర్ల గొయ్యి, పోత ఎంత మోటుగా ఉన్నా అంత లోతు ఉండదు. పనయ్యాక టరెట్‌ను దీపానికి ఏటవాలుగా పట్టుకుంటేనే గరుకు కనబడాలి, ఎదురుగా చూస్తే కనబడకూడదు.

పలకలు కలిసే చోట వెల్డింగ్ అతుకులు కిట్‌లో తరచూ చప్పగా ఉంటాయి. స్ప్రూ ముక్కను మంటకు దూరంగా వేడిచేసి సాగదీస్తే సన్నటి ప్లాస్టిక్ దారం వస్తుంది. అర మిల్లీమీటరు కంటే కొంచెం లావుగా ఉన్న దారాన్ని ఎంచి, అతుకు వెంట అతికించి, సిమెంటు రెండు మూడు సార్లు తాకిస్తే అది మెత్తబడుతుంది. అప్పుడు బ్లేడు మొనతో అర్ధచంద్రాకారంలో దగ్గర దగ్గరగా గాట్లు పెట్టాలి. అసలు వెల్డింగ్ మోటుగా ఉండేది, హడావిడిలో చేసిన పని. కనుక గాట్లు మరీ సమానంగా రాకపోవడమే మంచిది.

చక్రాలు, ట్రాకులు

ట్యాంకు బరువు దాదాపు 30 టన్నులు. ఆ బరువును చూపేది ట్రాకులే. టీ-34కు పక్కకు అయిదేసి పెద్ద చక్రాలుంటాయి, పైన ట్రాకును మోసే చిన్న చక్రాలు ఉండవు. అందువల్ల ట్రాకు పైభాగం పెద్ద చక్రాల మీదే వాలి, చక్రానికీ చక్రానికీ మధ్య కొద్దిగా వేలాడుతుంది. మెత్తటి వినైల్ ట్రాకులు ఈ వాలును చూపలేవు, బిగుతుగా నిలబడతాయి; అవే దొరికితే చక్రాల మీద సన్నటి తీగ ఆన్చి కిందకి బిగించాలి. విడివిడి లింకుల ట్రాకు శ్రమే గానీ ఫలితం వేరు. పక్కకు 72 లింకులుంటాయి, వాటిలో సగానికి లోపలివైపు పన్ను ఉంటుంది, సగానికి ఉండదు. ఒకటి విడిచి ఒకటిగా పేర్చుకుంటూ పోవాలి. నేను మొదటిసారి చేసినప్పుడు నలభయ్యో లింకు దగ్గర ఫోను మోగింది, తిరిగొచ్చి వరుసగా రెండు పన్ను లింకులు పెట్టాను, వెనక చక్రం దగ్గరకు వచ్చేసరికి గానీ తప్పు బయటపడలేదు.

లింకులు అతికించాక సిమెంటు పూర్తిగా గట్టిపడకముందే, సుమారు అరగంట లోపల, మొత్తం గొలుసును చక్రాల చుట్టూ తిప్పి, పైభాగాన్ని స్పాంజి ముక్కలతో కిందికి నొక్కి ఉంచి రాత్రంతా వదిలేయాలి. మరుసటి రోజుకు ఆ ఒంపు నిలిచిపోతుంది, రంగుల కోసం చక్రాలతో సహా విడదీసుకోవచ్చు.

వెనకనున్న నడిపే చక్రం దగ్గర ఒక చిన్న విషయం. ట్రాకు పిన్నులు పరుగులో లోపలివైపుకు జరుగుతూ ఉండేవి. వాటిని తిరిగి లింకుల్లోకి తోయడానికి ట్యాంకు పక్కగోడ మీద వాలుగా ఒక ఉక్కు ముక్క వెల్డింగ్ చేసి ఉంటుంది, జారిన పిన్ను తల దాన్ని రాసుకుంటూ వెళ్ళి మళ్ళీ సర్దుకుంటుంది. రోజంతా రాపిడి పడే ఆ ముక్క మీద రంగు నిలవదు, మెరిసే ఉక్కే ఉంటుంది. చక్రం చాటున ఉండే ఆ మెరుపును ఎంతమంది చూస్తారో తెలియదు గానీ నేను మాత్రం పెట్టకుండా వదలను.

ఆకుపచ్చ

ప్రైమరు (రంగుకు ముందు వేసే అడుగు పూత) పలుచగా, వీలైతే ముదురు బూడిద రంగులో వేయాలి. అది ఆరాక అతుకుల్లో లోపాలు వాటంతటవే కనబడతాయి, అప్పుడే సరిదిద్దాలి.

సోవియట్ ట్యాంకుల మూల రంగు 4బీఓ అని పిలిచే ఆకుపచ్చ, కొద్దిగా పసుపు వైపు మొగ్గే ముదురు పచ్చ. సీసాలోని రంగును ఉన్నదున్నట్టు వాడితే చిన్న వస్తువు మీద అది మరీ నల్లగా కనిపిస్తుంది, కనుక లేత పసుపు గోధుమ రంగు కలిపి ఒక మెట్టు తేలిక చేయాలి. యాక్రిలిక్ రంగును పాలంత పలచన చేసుకుని, ఎయిర్‌బ్రష్‌ను 15 నుంచి 20 పీఎస్ఐ ఒత్తిడితో, తడి తడిగా కాకుండా పొగమంచులా రెండు మూడు పూతలు వేయాలి. తర్వాత అదే రంగులో ఇంకాస్త లేత రంగు కలిపి, పలకల నడిమిలోనూ పైకి తిరిగి ఉన్న ముఖాల మీదా చల్లితే వెలుగు పడిన భావం వస్తుంది. ఈ లేత భాగాన్ని మరీ ఎక్కువ చేయనక్కరలేదు, పైన వెల్ల రాబోతోంది.

ఆకుపచ్చ మీద పలుచటి వార్నిషు ఒక పూత వేసి ఒక రోజు ఆరనివ్వాలి. పెట్టెలో ఇచ్చిన డెకాల్స్ (అతికించే గుర్తుల బొమ్మలు) అన్నీ వాడాలని లేదు. నినాదాలూ ఎర్ర నక్షత్రాలూ ఉన్న బండి ఆకర్షణీయంగానే ఉంటుంది గానీ, ఏ గుర్తూ లేని బండ్లు ఛాయాచిత్రాల్లో కావలసినన్ని ఉన్నాయి.

వెల్ల

ఈ నమూనాకు ప్రాణమిక్కడ ఉంది, తొందరపడకూడదు. అసలు వెల్ల సున్నం, సుద్ద లాంటి తేలికగా కడిగేసుకునే పదార్థం. దాన్ని కుంచెతోనో గుడ్డతోనో సిబ్బందే చేత్తో పూసేవారు. కనుక చెయ్యి దూరని చోట్ల, పిడుల వెనక, ఫిరంగి గొట్టం అడుగున, టరెట్ వెనుక భాగం కింద ఆకుపచ్చే మిగిలిపోయేది. మార్చి వచ్చేసరికి వాన, కరిగిన మంచు, బూట్లు, చేతులు కలిసి మిగిలినదాన్ని తుడిచేసేవి.

దీన్ని చూపడానికి హెయిర్‌స్ప్రే పద్ధతికి సాటి లేదు. వార్నిషు మీద మామూలు హెయిర్‌స్ప్రేను ఇరవై సెంటీమీటర్ల దూరం నుంచి రెండు పలుచని పూతలు కొట్టి, పదిహేను ఇరవై నిమిషాలు ఆరనివ్వాలి. దాని మీద నీటితో పలచన చేసిన తెల్ల యాక్రిలిక్‌ను చల్లాలి. లాకర్ థిన్నరుతో పలచన చేస్తే తెలుపు మరీ గట్టిగా పట్టుకుని తర్వాత ఊడి రాదు. ఒకసారి నేను అలాగే చేసి, గంటసేపు గోకి గోకి, చివరికి ఆకుపచ్చను కూడా పోగొట్టుకున్నాను. తెలుపు అచ్చమైన తెలుపు కాకూడదు, చిటికెడు బూడిదా మరో చిటికెడు లేత గోధుమా కలవాలి. పూత అంతటా ఒకే మందం ఉండకూడదు: అందీ అందని చోట్ల పలుచగా వదిలి, విశాలమైన పలకల మీద నిలువుగా ఊపుతూ కాస్త మందంగా వేయాలి.

అరగంట ఆగి, ఒక్కో పలకను విడిగా తీసుకుని, గోరువెచ్చని నీటితో తడిపి ఒక నిమిషం వదలాలి. నీరు తెలుపు కిందికి దిగి హెయిర్‌స్ప్రేను కరిగిస్తుంది. అప్పుడు పొట్టిగా కత్తిరించిన గట్టి కుంచెతో పై నుంచి కిందికి తేలికగా రుద్దితే తెలుపు పెచ్చులుగా లేస్తుంది. సన్నటి గీతలకు పళ్ళపుల్ల, పెద్ద తుడుపుకు తడి స్పాంజి. రాత్రి వదిలేసి మర్నాడు మొదలుపెట్టినా వస్తుంది గానీ పెచ్చులు మొండికేస్తాయి.

ఎక్కడ ఎంత ఊడాలన్న ప్రశ్నకు మనుషులే జవాబు. ఈ ట్యాంకుల మీద పదాతి సైనికులు ఎక్కి కూర్చుని యుద్ధానికి వెళ్ళేవారు, వాళ్ళు పట్టుకోవడానికే టరెట్ చుట్టూ, బండి పక్కగోడల మీదా పిడులు వెల్డింగ్ చేశారు. ఇంజను పైకప్పు వాళ్ళకు వెచ్చటి అరుగు. కనుక ఇంజను పైకప్పు మీద వెల్ల దాదాపు లేకుండా పోవాలి, పిడుల చుట్టూ చేతి వెడల్పున చెరగాలి, పక్కగోడ మీద బూటు ఆన్చి ఎక్కే చోట నిలువు గీతలు పడాలి. డ్రైవరు తన మూత గుండా తల దూర్చి లోపలికి దిగుతాడు, ముందు పలక మీద ఆ మూత అంచు అరిగి ఉండాలి. టరెట్ పక్కన, ఎవరి చెయ్యీ కాలూ తగలని ఎత్తులో, తెలుపు దాదాపు యథాతథంగా మిగలాలి. ఇలా ఆలోచిస్తే చిత్రం తనంతట తానే సమంగా లేకుండా వస్తుంది. కారణం లేకుండా అంతటా సమంగా రుద్దితే ఆవు మచ్చల్లా తేలుతుంది.

పూర్తయ్యాక ఒక రోజు ఆరనిచ్చి మళ్ళీ మాట్ వార్నిషు. అది లేకపోతే తర్వాతి తడి పనుల్లో తెలుపు మళ్ళీ కదులుతుంది.

వాషూ, నూనె రంగులూ

ఇక్కడినుంచి పని ఎనామెల్, నూనె రంగులది. అడుగున యాక్రిలిక్ ఉంది కనుక ఎనామెల్ థిన్నరు దాన్ని కరిగించదు, తప్పు జరిగితే తడి కుంచెతో తుడిచేయవచ్చు.

ముదురు గోధుమ బూడిద కలిపిన ఎనామెల్ వాషును (బాగా పలచన చేసిన రంగును) సన్నటి కుంచెతో బోల్టుల చుట్టూ, మూతల అంచుల్లో, వెల్డింగ్ గాట్లలో మాత్రమే తాకించాలి. అచ్చమైన నలుపైతే తెలుపు మీద గీసినట్టు కనిపిస్తుంది, వాడకపోవడమే మంచిది. పదిహేను నిమిషాల తర్వాత థిన్నరులో ముంచి దాదాపు పిండేసిన కుంచెతో మిగులును తుడవాలి. ఇంజను గ్రిల్ లోపలికి మాత్రం ధారాళంగా వదలవచ్చు.

థిన్నరును మాత్రం ముంచి పోయకూడదు. రంగు లేని ప్లాస్టిక్‌కు అది తగిలితే, ముఖ్యంగా బిగుతుగా ఒత్తిడిలో ఉన్న చోట, ప్లాస్టిక్ పెళుసై చీలుతుంది. నా తొలి నమూనాల్లో ఒకదానికి ఒకే సాయంత్రం రెండు ఇరుసులు టిక్కుమంటూ విరిగాయి.

నూనె రంగులను ముందుగా ఒక అట్టముక్క మీద పిండి రెండు మూడు గంటలు వదిలితే నూనె అట్టలోకి పీల్చుకుపోతుంది, రంగు మాట్‌గా త్వరగా ఆరుతుంది. తెలుపు మిగిలిన చోట్ల లేత గోధుమ, బూడిద. ఆకుపచ్చ బయటపడిన చోట్ల గంధపు పసుపు, ముదురు పచ్చ. చుక్కలు గసగసంత పెట్టి, దాదాపు పొడిగా ఉన్న కుంచెతో కిందికి లాగాలి. కరిగిన మంచు నీళ్ళు టరెట్ అంచు నుంచి జారిన దారులివి, కనుక ఎప్పుడూ గురుత్వాకర్షణ దిశలోనే ఉండాలి. వాలుగా ఉన్న ముందు పలక మీద ఆ వాలు వెంటే పోవాలి.

పెచ్చులు, మసి, చమురు

స్పాంజి చిన్న ముక్కను ముదురు గోధుమలో ముంచి, కాగితం మీద దాదాపు ఆరేదాకా ఒత్తి, మిగిలిన దాన్ని అంచులకు తాకిస్తే సూదిమొనంత పెచ్చులు పడతాయి. మూతల అంచులు, పిడులు, ఫెండరు సొట్టలు, ఇంతే. ఇసుక గింజంత పెచ్చు కూడా ఈ కొలతలో రెండు మూడు సెంటీమీటర్లు, గుర్తుంచుకోవాలి. ఆ పెచ్చుల కింద నారింజ రంగు తుప్పు ధారలు వదలాలన్న కోరిక పుడుతుంది. దాన్ని అణచుకోవాలి, అది వదిలేసిన బండికి తగిన అలంకారం.

నిజంగా తుప్పుపట్టేవి వెనకనున్న రెండు పొగ గొట్టాలు. వేడికి వాటి మీది రంగు తొలి రోజుల్లోనే కాలిపోతుంది. వాటికి ముదురు గోధుమ, దాని మీద రెండు మూడు తుప్పు రంగుల పిగ్మెంటు పొడి, మూతి లోపల నలుపు. ఇంజను డీజిల్‌ది కనుక గొట్టాల చుట్టూ వెనక పలక మీద మసి చల్లినట్టు పడాలి. దీన్ని బాగా పలచనైన నలుపు గోధుమతో ఎయిర్‌బ్రష్‌లోనే చేయవచ్చు. ఇంధనం పోసే మూతల కింద ముదురు గోధుమ నూనె రంగులో కాస్త మెరిసే వార్నిషు కలిపి ఒకటి రెండు ధారలు జార్చాలి. వెల్ల మీద ఆ తడి మరక చాలా దూరం నుంచి కూడా కనిపిస్తుంది, కాబట్టి రెండుకు మించకూడదు.

బురద

ఆ ప్రాంతపు నల్లమట్టి తడిస్తే బొగ్గుకు దగ్గరగా, ఆరితే బూడిద గోధుమగా కనిపిస్తుంది. బురదకు మూడు వయసులుంటాయి: నిన్నటిది ఆరి లేతగా, పొద్దుటిది చెమ్మగా, ఇప్పటిది తడిసి మెరుస్తూ. పనిలోనూ అదే వరుస పాటించాలి, పాతది ముందు, కొత్తది చివర. పైన ఎత్తులో ఉండేది పాతది, నేలకు దగ్గరగా ఉండేది కొత్తది.

పిగ్మెంటు పొడులు, మెత్తటి ప్లాస్టరు, యాక్రిలిక్ మీడియం, కొద్దిగా జల్లించిన మట్టి కలిపి ముద్ద చేసుకోవాలి. మట్టిని సన్నటి గుడ్డలో జల్లించాలి, ఎందుకంటే ఒక మిల్లీమీటరు రేణువు మన లెక్కలో గులకరాయి. గడ్డి కోసం రెండు మూడు మిల్లీమీటర్లకు కత్తిరించిన పీచు కొంచెం చాలు. ఈ ముద్దను చక్రాల వెనక పక్కగోడకు, ఫెండర్ల అడుగున, ముందు పలక కింద అంచున, వెనక నడిపే చక్రం చుట్టూ మోటు కుంచెతో ఒత్తాలి. బురద నిలిచేది మూలల్లో, రాపిడి లేని చోట్ల. ట్రాకు తగిలే చోట అది నిలవదు. అది ఆరాక రెండో విడత, ఒక ఛాయ ముదురు, మొదటిదాన్ని పూర్తిగా కప్పకుండా. మూడోది చిమ్మడం: పలచన చేసిన ముద్దను కుంచెకు పట్టించి, పళ్ళపుల్లతో వెంట్రుకలను వెనక్కి లాగి వదిలితే తుంపరలు పడతాయి. ముందుగా కాగితం మీద రెండుసార్లు వదిలి పెద్ద చుక్కలు పోనిచ్చాకే నమూనా వైపు తిప్పాలి. తుంపరలు ముందు నుంచి వెనక్కి, కింద నుంచి పైకి తగ్గుతూ పోవాలి, టరెట్ దాకా రావలసిన పని లేదు.

ట్రాకులకు మూల రంగు ముదురు గోధుమ బూడిద, తుప్పు కాదు. రాత్రి నిలిచిన బండి ట్రాకు మీద పల్చటి నారింజ తుప్పు పుడుతుంది నిజమే గానీ, పొద్దున వంద మీటర్లు కదిలితే నేలకు తగిలే భాగాల్లో అది పోతుంది. లింకుల గుంటల్లో బురద కూరి, నేలను తాకే గట్లను మెత్తటి పెన్సిలు ముల్లుతో రుద్దితే గ్రాఫైట్ ఉక్కులా మెరుస్తుంది. పన్నులు ఆనే చోట, అంటే జంట చక్రాల లోపలి అంచులకు కూడా అదే పెన్సిలు.

చక్రాలు, ట్రాకులు అమర్చాక చివరి తడి మిగులుతుంది. ముదురు గోధుమ ఎనామెల్‌లో మెరిసే వార్నిషు కలిపి, చక్రాల కింది అంచుల్లోనూ కొన్ని లింకుల్లోనూ మాత్రం తాకించాలి. పిగ్మెంటు మీద మళ్ళీ వార్నిషు కొట్టకూడదు, పొడి మాయమై మొత్తం ఒకే రంగు తేలుతుంది.

దీపం పక్క నుంచి పడేలా పెట్టి ఫోనుతో ఒక ఫోటో తీసి, దాన్ని నలుపు తెలుపులోకి మార్చి, మొదట ఎంచుకున్న యుద్ధకాలపు చిత్రం పక్కన పెట్టి చూడాలి. నాకు ప్రతిసారీ దొరికే తప్పు ఒకటే: ఇంజను పైకప్పు మీద వెల్ల ఇంకా ఎక్కువగా ఉంటుంది. తడి కుంచె తీసుకుని, వార్నిషు మీద ఆకుపచ్చను పలుచగా చుక్కలుగా తాకించి, మనుషులు కూర్చునే చోటును కాస్త ఖాళీ చేస్తాను.